మూగజీవాల పట్ల దయ: పిల్లలకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

(దృశ్యం: అపార్ట్‌మెంటు గేటు పక్కన నీడలో పడుకున్న వీధికుక్క. కొంచెం దూరంలో తల్లి చేయి పట్టుకుని నిలబడిన ఐదారేళ్ల పాప.)

నమస్కారం. జంతువులను హింసించకూడదని పిల్లలకు చెప్పని ఇల్లు దాదాపు ఉండదు. అయితే ఆ మాట చెప్పిన పెద్దలే పిల్లవాడు అన్నం తిననని మారాం చేసినప్పుడు "అదిగో, కుక్క వస్తోంది" అని భయపెడతారు, ఆ కుక్క నిజంగానే గేటు దగ్గరకు వస్తే కర్ర అందుకుంటారు. పిల్లల మనసులో నిలిచిపోయేది ఆ కర్రే. దయ నేర్పాలంటే ముందుగా మనం దాన్ని పక్కన పెట్టాలి.

చాలామంది తల్లిదండ్రులు పిల్లల చేత కుక్కను నిమిరించడంతో ఈ పాఠం మొదలుపెడతారు. నా దృష్టిలో మొదట నేర్పవలసింది ముట్టుకోకుండా చూడడం. పాపతో కలిసి దూరంగా నిలబడి, ఆ కుక్క ఇప్పుడు ఎలా ఉందో గమనించమని అడగండి.

(దృశ్యం: కుక్క ముఖం, చెవులు, తోక ఒక్కొక్కటిగా దగ్గర నుంచి.)

చెవులు వెనక్కి అంటుకుపోయి, తోక కాళ్ల మధ్యకు ముడుచుకుపోయి ఉంటే అది భయపడుతోందని అర్థం. ఒళ్లు బిగించి, కదలకుండా, రెప్ప వేయకుండా చూస్తుంటే దగ్గరకు రావద్దని హెచ్చరిస్తోంది. తోక ఊపినంత మాత్రాన స్నేహంగా ఉన్నట్టు కాదు, ఉద్రేకంలో ఉన్న కుక్క కూడా తోక ఊపుతుంది. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న తల్లికుక్కను అసలే కదిలించకూడదు. కుక్క మీదికి వచ్చినట్టు అనిపిస్తే పరుగెత్తకుండా, చేతులు ఒంటికి ఆనించుకుని చెట్టులా నిలబడాలని పిల్లలకు ఇంట్లోనే ఆటగా అభ్యాసం చేయించవచ్చు. ఎదుటి ప్రాణి భయాన్ని గుర్తుపట్టగలిగిన పిల్లవాడికి దాని మీద రాయి విసరడానికి చేయి రాదు.

(దృశ్యం: మేడ మీద, పిట్టగోడ నీడలో మట్టి మూకుడు. ఒక పిల్లవాడు దాన్ని కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు.)

ఆ తరువాత పిల్లలకు ఒక పని అప్పగించాలి, అది ప్రతిరోజూ చేయవలసిన పని అయి ఉండాలి. వేసవిలో పక్షులకు నీళ్లు పెట్టడం ఇందుకు చక్కగా సరిపోతుంది. లోతు తక్కువగా ఉన్న వెడల్పాటి మూకుడు తీసుకుని, చిన్న పిట్టలు, తేనెటీగలు మునిగిపోకుండా నిలబడేందుకు అందులో రెండు గులకరాళ్లు వేయాలి. నీళ్లు రోజూ పారబోసి మూకుడును రుద్ది కడగకపోతే అందులో దోమలు గుడ్లు పెడతాయి కనుక, ఈ పనిలో ఉత్సాహంతో పాటు క్రమశిక్షణ కూడా అవసరం. పిల్లవాడు మరిచిపోయిన రోజున మీరు చేసేయకండి, ఖాళీ మూకుడు అంచున వాలి వెళ్లిపోయిన పిచ్చుకను చూపించండి చాలు.

మన సంప్రదాయంలో ఈ శిక్షణ ముందునుంచే ఉంది. సంక్రాంతి రోజుల్లో వరి కంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీస్తారు. కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పసుపు కుంకుమలు పెట్టి పూజిస్తారు. అయితే అదే పండుగకు మనం పిల్లల చేతికిచ్చే గాలిపటం నైలాన్ మాంజాతో ఎగిరితే, తెగిపోయిన దారం చెట్ల కొమ్మల్లో చిక్కుకుని పక్షుల రెక్కలను కోసేస్తుంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే ఈ మాంజాను నిషేధించింది. పిల్లలకు మామూలు నూలుదారం కొనివ్వండి, ఎందుకో కూడా చెప్పండి.

(దృశ్యం: చింతచెట్ల మీద గూళ్లు, వాటి కింద నడిచి వెళ్తున్న బడిపిల్లలు.)

శ్రీ సత్యసాయి జిల్లాలోని వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఏటా ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు గాని, ఇవి మన దేశపు పక్షులే. చెట్ల కింద రెట్టలను, చేపల వాసనను భరిస్తూనే ఆ ఊరివారు వాటిని తరతరాలుగా తమవిగా చూసుకుంటున్నారు. అటువంటి ఊళ్లో పెరిగే పిల్లలకు దయ గురించి విడిగా పాఠం చెప్పవలసిన అవసరం అంతగా ఉండదు.

చివరిగా, కుక్కకాటు సంగతి తప్పక మాట్లాడుకోవాలి. తిడతారన్న భయంతో పిల్లలు కాటును దాచిపెట్టే ప్రమాదం ఉంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం నిలవడం దాదాపు అసాధ్యం కాబట్టి, చిన్న గీరు పడినా వెంటనే చెప్పాలని, చెబితే ఎవరూ కోప్పడరని వారికి ముందే మాట ఇవ్వండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలపాటు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లి టీకా మొదలుపెట్టించాలి. కోపంతో ఆ కుక్కను కొట్టి చంపకండి, తరిమివేయకండి. అది 10 రోజుల పాటు ఆరోగ్యంగా కనిపిస్తే, మిగిలిన టీకాల విషయంలో ఏం చేయాలో నిర్ణయించడానికి ఆ సమాచారం వైద్యునికి ఉపయోగపడుతుంది.