ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లు ఎలా వస్తారు, ఎందుకు ఉండిపోతారు

శ్రోతలకు నమస్కారం.

మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే, దాని అడుగున పనిచేస్తున్నది లినక్స్. 1991 ఆగస్టు 25న హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటున్నానని, అందులో ఏమేం ఉంటే బాగుంటుందో చెప్పమని ఇంటర్నెట్‌లో తనలాంటివాళ్లను అడిగాడు. పోటీ పెట్టలేదు, బహుమతి ప్రకటించలేదు. ముందు సలహాలొచ్చాయి, ఆ వెనకే కోడ్ వచ్చింది, ఈనాటికీ వస్తూనే ఉంది.

ఇలా అందరూ చూడడానికీ, వాడుకోవడానికీ, మార్చుకోవడానికీ వీలుగా బయటపెట్టిన సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటున్నాం. ఊరుమ్మడి చెరువు లాంటిది ఇది. నీళ్లు ఊరంతా తోడుకుంటుంది, పూడిక తీయడానికి మాత్రం పదిమందే దిగుతారు. ఆ పదిమంది పాతికమంది కావాలంటే ఏం చేయాలన్నదే ఈరోజు నేను మాట్లాడదలుచుకున్న విషయం.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల సొంత గొడవ కదా అనుకోకండి. 2024 మార్చిలో ఏం జరిగిందో చెబుతాను. ఎక్స్‌జెడ్ అని, ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాం ఒకటుంది. లినక్స్ నడిచే సర్వర్లలో దాదాపు అన్నిచోట్లా అది ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే చూసుకుంటూ వచ్చాడు. జీతం లేదు, తోడు లేదు, అలసిపోయాడు. సాయం చేస్తానంటూ ఒక అపరిచితుడు చేరి, రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి ఆ కోడ్‌లో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్వితే గుట్టు బయటపడింది. ఆయన ఆ అర సెకనును పట్టించుకోకపోతే ఎంత నష్టం జరిగి ఉండేదో ఊహకందదు. ఒంటరిగా పనిచేసే మనిషి పక్కన నిజంగా నలుగురు ఉండి ఉంటే ఆ అపరిచితుడికి అంత చోటు దొరికేది కాదని నా నమ్మకం.

మరి ఆ నలుగురిని తేవడం ఎలా? ఎక్కువమంది ఎంచుకునే దారి, ఒక సవాలు విసిరి బహుమతి పెట్టడం. అమెరికాలోని డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ మొదలుపెట్టింది. నియమం చాలా తేలిక. అక్టోబరు నెలలో ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కొన్ని మార్పులు రాసి పంపాలి. ఇలా పంపే మార్పును పుల్ రిక్వెస్ట్ అంటారు. చాలా ఏళ్లు ఆ లెక్క నాలుగే. నాలుగు పంపితే ఇంటికి టీషర్టు వస్తుంది. వేలమంది కుర్రాళ్లు, అమ్మాయిలు మొదటిసారి ఓపెన్ సోర్స్ గడప తొక్కింది ఆ టీషర్టు కోసమే. అందులో తప్పేమీ లేదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ ఆ టీషర్టు వేసుకుని తిరగడమంటే గొప్పగా ఉండేది.

2020లో కథ అడ్డం తిరిగింది. ఆ ఏడాది ముందుగా పూర్తి చేసిన 70,000 మందికి బహుమతి అన్నారు. మన దేశంలో లక్షలమంది చూసే ఒక యూట్యూబ్ చానల్, పుల్ రిక్వెస్ట్ పంపడమెలాగో చూపిస్తూ, ఒక ప్రాజెక్టు పరిచయ పత్రంలో, అంటే రీడ్‌మీ ఫైల్లో, పొగడ్త మాట ఒకటి చేర్చి చూపించింది. చూసినవాళ్లు అదే మార్పును ఎక్కడ పడితే అక్కడ పంపడం మొదలుపెట్టారు. అక్టోబరు తెల్లవారేసరికి ప్రపంచవ్యాప్తంగా ప్రాజెక్టులు నడిపేవాళ్ల ముందు "అద్భుతమైన ప్రాజెక్ట్" అన్న ధోరణిలో రెండేసి మాటలు చేర్చిన పుల్ రిక్వెస్టులు గుట్టలుగా పడ్డాయి. ఒక్కొక్కటీ ఒక మనిషి తెరిచి, చదివి, కారణం చెప్పి మూయాల్సిందే. ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చాక, పిల్లలు పడుకున్నాక, ఆ కాస్త సమయంలో ప్రాజెక్టు చూసుకునేవాళ్లు చాలామంది. ఆ సమయమంతా చెత్త ఊడ్చడానికే పోయింది. గొడవ ఎంత పెద్దదైందంటే, అక్టోబరు 3కల్లా డిజిటల్ ఓషన్ నియమం మార్చేసింది. మాకు ఇష్టమేనని ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే, అదీ వాళ్లు అంగీకరిస్తేనే, లెక్కలోకి వస్తాయంది. 2023లో టీషర్టులనే మానేసి డిజిటల్ బ్యాడ్జీలకు మారింది.

ఆ రోజుల్లో మన విద్యార్థుల మీద పడిన మాటలు చాలా కటువుగా ఉన్నాయి. నాకది బాధ కలిగించింది. చేసిన పని తప్పే, సందేహం లేదు. కానీ వాళ్లకు ఎదురైన నియమం లెక్కే అడిగింది, పని అడగలేదు. ఇవతల కాలేజీలో, రెజ్యూమెలో రాసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని, లేకపోతే ప్లేస్‌మెంట్లలో వెనకబడతావని రోజూ చెవిలో పోస్తుంటారు. ఈ రెండూ కలిస్తే ఇంకేమవుతుంది? ఇదే మళ్లీ 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న ప్రాజెక్టుకు జరిగింది. పాఠం చెప్పిన వీడియోలో చూసినట్టే, విద్యార్థులు ఆ ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చి పంపారు. పాఠం కోసం విడిగా ఒక సాధన ప్రాజెక్టు తెరిచి, అందులో చేయించి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది.

బహుమతి పెద్దదైతే నాణ్యత పెరుగుతుందన్నది కూడా నిజం కాదు. కర్ల్ అనే సాధనం ఉంది, డానియెల్ స్టెన్‌బర్గ్ అనే స్వీడన్ ఇంజనీరు తయారుచేసింది. ఇంటర్నెట్ మీద సమాచారం తెచ్చిపెట్టడమే దాని పని. కార్లలో, టీవీల్లో, ఫోన్లలో అంతటా ఉంటుంది. భద్రతా లోపం కనిపెట్టి చెప్పినవాళ్లకు డబ్బిచ్చే పథకం 2019లో పెట్టారు. కొన్నేళ్లు చక్కగా నడిచింది. నిజమైన లోపాలు ఎన్నో బయటపడ్డాయి, సరిదిద్దారు కూడా. తర్వాత ఏఐతో రాయించిన నివేదికలు వరదలా రావడం మొదలైంది. లేని లోపాన్ని ఉన్నట్టు, ఎంతో పొందిగ్గా రాసి పంపేవారు. అది అబద్ధమని తేల్చడానికి నిపుణులు గంటలు వెచ్చించాలి. 2025లో స్టెన్‌బర్గ్ దీని గురించి బహిరంగంగానే మొరపెట్టుకున్నారు. చివరికి 2026 మొదట్లో డబ్బు బహుమతిని ఆపేశారు.

దీనికి పూర్తిగా వేరే రకం బహుమతి ఒకటుంది, నాకు అదంటే చాలా ఇష్టం. గణిత పుస్తకాలు అచ్చువేయడానికి టెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాసిన డొనాల్డ్ క్నూత్, తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్లకు 2 డాలర్ల 56 సెంట్లకు చెక్కు రాసి పంపేవారు. 256 అంటే కంప్యూటర్ మనుషులకు ముచ్చటైన అంకె. ఆ చెక్కు అందుకున్నవాళ్లలో చాలామంది బ్యాంకుకు వెళ్లలేదు, పటం కట్టించి గోడకు తగిలించుకున్నారు. అంత చిన్న మొత్తానికి అంత విలువ ఎక్కడిది? తాను చెప్పింది క్నూత్ స్వయంగా చదివాడు, ఒప్పుకున్నాడు, సంతకం చేశాడు. పేరు పెట్టి పలికిన ఆ గుర్తింపే అక్కడ బహుమతి.

కొత్తవాళ్ల చేత ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాయించడానికి గూగుల్ 2005లో మొదలుపెట్టిన సమ్మర్ ఆఫ్ కోడ్ పెద్ద డబ్బుతోనే నడుస్తుంది. కానీ డబ్బు వెనక ఉన్న ఏర్పాటు గమనించండి. ఎంపికైనవాళ్లకు ఒక మెంటర్ ఉంటారు. సగంలో ఒకసారి, చివర్లో ఒకసారి పని చూసి, బాగుందన్నాకే డబ్బు. ఇంకా ముఖ్యం, కోడ్ రాయడం మొదలుపెట్టకముందు కొన్ని వారాలు కేవలం పరిచయాలకే కేటాయిస్తారు. ప్రాజెక్టులో ఎవరెవరున్నారు, ఎలా మాట్లాడుకుంటారు, నిర్ణయాలు ఎలా తీసుకుంటారు, ఇవి తెలుసుకోవడమే అప్పటి పని. ఏళ్లుగా ఈ కార్యక్రమానికి ఎంపికయ్యేవాళ్లలో మనదేశం వాళ్లే ముందు వరుసలో ఉంటున్నారు. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, 18 ఏళ్లు నిండి ఈ రంగానికి కొత్తవాళ్లయితే చాలు.

ఇదే కార్యక్రమంలో 2006లో ఒక విషయం బయటపడింది. గ్నోమ్ అనే ప్రాజెక్టుకు 181 దరఖాస్తులొస్తే, వాటిలో ఒక్క అమ్మాయిదీ లేదు. అమ్మాయిలకు ఆసక్తి లేదని సరిపెట్టుకోవచ్చు, చాలామంది అలాగే సరిపెట్టుకుంటారు కూడా. గ్నోమ్ వాళ్లు అలా చేయలేదు. అదే వేసవిలో మహిళల కోసమే ప్రత్యేకంగా పిలుపునిచ్చారు. వందకు పైగా దరఖాస్తులు వచ్చాయి! వాళ్లంతా అంతకుముందూ ఉన్నవాళ్లే, మిమ్మల్నే పిలుస్తున్నాం అని ఎవరూ చెప్పలేదంతే. ఆ ప్రయత్నమే తర్వాత ఔట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ కార్యక్రమంగా ఎదిగింది. అక్కడ దరఖాస్తు పెట్టడమంటే ఫారం నింపితే చాలదు, ప్రాజెక్టులో ఒక చిన్న పని చేసి చూపించాలి. అడ్డుపడితే అడగడానికి మెంటర్లు అందుబాటులో ఉంటారు.

ఇక కలుసుకోవడం గురించి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే.

ఇరవై ఏళ్ల కిందట కంప్యూటర్లో తెలుగు రాయడమే పెద్ద విద్య. వార్తాపత్రికలు ఒక్కొక్కటీ ఒక్కో ఫాంటు వాడేవి. వాటిని ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే పనిముట్టును వెన్న నాగార్జున రాశారు, తెలుగు వికీపీడియాకు 2003లో నాంది పలికిందీ ఆయనే. తెలుగులో టైపు చేయడానికి వీవెన్ లేఖినిని అందరికీ ఇచ్చారు. ఇలాంటి పనిముట్లు ఉంటే చాలదు కదా, వాడేవాళ్లు కావాలి. 2008 ప్రాంతంలో తెలుగు బ్లాగర్లు, వికీపీడియనులు హైదరాబాదు యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో నెలకో ఆదివారం కలుసుకునేవారు. పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు అనే తమ సంఘం తరఫున స్టాల్ పెట్టి, వచ్చినవాళ్ల చేత పక్కన నిలబడి తెలుగులో టైపు చేయించేవారు. నగదు లేదు, టీషర్టు లేదు. ఈరోజు మనం వికీపీడియాలో తెలుగు వ్యాసం చదువుతున్నామంటే ఆ పచ్చికలో కూర్చున్నవాళ్ల పుణ్యం అందులో చాలా ఉంది.

ఆ సంప్రదాయం పోలేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ప్రచారానికి పనిచేసే స్వేచ్ఛ సంస్థ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్ పేరుతో, అంటే లినక్స్ వాడేవాళ్ల గుంపులుగా, విద్యార్థి బృందాలు ఏర్పడ్డాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు దేశంలోకెల్లా పెద్ద సభ, పైకాన్ ఇండియా, 2018లో ఒకసారి, 2023లో మరోసారి హైదరాబాదులో జరిగింది. ఆ సభల్లో ప్రసంగాలతో పాటు డెవ్ స్ప్రింట్ అని ఒకటి ఉంటుంది. ప్రాజెక్టు నడిపేవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే బల్ల దగ్గర ల్యాప్‌టాప్‌లు తెరిచి కూర్చుంటారు. ఓపెన్ సోర్స్ కోసమే పనిచేసే ఫాస్ యునైటెడ్ సంస్థ వాళ్లు హైదరాబాదుతో సహా పలు నగరాల్లో మీటప్‌లు పెడుతున్నారు, ప్రవేశ రుసుము ఉండదు.

ముఖాముఖి కూర్చుంటే ఏమవుతుందో చెబుతాను. కొత్తగా వచ్చిన పిల్లలు ఆగిపోయేది పెద్ద పెద్ద ఆల్గారిథంల దగ్గర కాదు. పాత ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు ఇన్‌స్టాల్ కాదు. కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనం ఏదో ఎర్రర్ చూపిస్తుంది, అది వాళ్ల తెలివితక్కువతనమేమో అనుకుంటారు. ఇంగ్లీషులో అడగడానికి జంకు, అడిగితే నవ్వుతారేమోనని భయం. అదే పక్కన ఎవరైనా ఉంటే, "అన్నా, ఇదేంటిలా వస్తోంది?" అని తెలుగులో అడిగేస్తారు. "నాకూ మొదట్లో ఇదే వచ్చింది, ఇదిగో ఇలా చెయ్" అంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రెండు నిమిషాలు దొరక్క ఎంతమంది వెనక్కి వెళ్లిపోయారో! అమ్మాయిలు మొదటిసారి వచ్చినప్పుడు గదిలో ఇంకో అక్క కనిపిస్తే రెండోసారి వస్తారు. సభ సాయంత్రం ఆరు దాటకుండా ముగిస్తే, హాస్టల్ గేటు మూసేలోపు చేరుకోగలిగితే ఇంకా వస్తారు. నిర్వాహకులు పట్టించుకోవలసినవి ఇలాంటివే.

గుంటూరులోనో, వరంగల్‌లోనో, అనంతపురంలోనో ఒక కాలేజీ బృందం ఇలాంటి సవాలు పెట్టాలనుకుంటే నేను కోరేది ఇంతే. ముందు ఏదో ఒక ప్రాజెక్టు వాళ్లను, మీకేం పని ఉంది, కొత్తవాళ్లు ఏం చేయగలరు అని అడగండి. వాళ్లు చెప్పిన పనులే సవాలుగా పెట్టండి. ఎన్ని పంపారన్నది కాకుండా, చేసిన ఒక్క పనినీ చివరిదాకా తీసుకెళ్లారా లేదా చూడండి. బహుమతి డబ్బు తక్కువైనా ఫరవాలేదు, ఆ ఫ్లెక్సీ ఖర్చు మానేసి, దాంతో పక్క ఊరి నుంచి ఒక అనుభవజ్ఞుణ్ణి బస్సు చార్జీలిచ్చి పిలిపించండి. రోజంతా పిల్లల మధ్య కూర్చోబెట్టండి. నెల తర్వాత అదే గదిలో మళ్లీ కలవండి, గెలవనివాళ్లను కూడా పేరుపేరునా పిలవండి.

కోడ్ రానివాళ్లకూ చోటుంది. ఉత్తరాలు, లెక్కలు రాసుకునే లిబ్రే ఆఫీస్‌లో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో మెనూల తెలుగు మాటలు సరిచూసేవాళ్లు కావాలి. మంచి తెలుగు వచ్చిన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఆ పని ఇంజనీర్ల కంటే బాగా చేయగలరు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ల కామన్ వాయిస్ అనే గొంతుల సేకరణలో తెలుగు విభాగం ఉంది. తెరమీద కనిపించే వాక్యం పైకి చదివితే, ఆ గొంతు రికార్డవుతుంది. కంప్యూటర్లకు తెలుగు మాట అర్థమయ్యేలా చేయాలనుకునే ఎవరైనా ఆ రికార్డింగులను ఉచితంగా వాడుకోవచ్చు. శ్రీకాకుళం యాస, నెల్లూరు యాస, పాలమూరు యాస, చిత్తూరు యాస అన్నీ అందులో ఉండాలి. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఎవరి ఫోనులోనైనా ఆ పని ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.

సెలవు. నమస్కారం.