లవం సరే, హారం ఎక్కడిది?

అందరికీ నమస్కారం. సిస్టర్లు, డ్యూటీ డాక్టర్లు, మెడికల్ రికార్డులు చూసే ఎంఆర్‌డీ వాళ్లు, ఐటీ వాళ్లు, క్వాలిటీ వాళ్లు ఇలా ఒకే హాల్లో కూర్చోవడం ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ ఇన్‌స్పెక్షన్ ముందు తప్ప మామూలుగా జరగదు, అందుకని దొరికిన టైమ్ వృథా చేయకుండా నేరుగా విషయానికి వచ్చేస్తాను: ఎలక్ట్రానిక్ రికార్డులతో వైద్యం నాణ్యతను కొలవడం. స్లైడ్లు తేలేదు, ప్రొజెక్టర్ గొడవ ఉండదు.

మన ఊళ్లో ఒక విచిత్రం ఉంది. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకున్న పిల్లలు హైటెక్ సిటీ ఆఫీసుల్లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల రికార్డులు చూస్తుంటారు. ఈ పేషెంట్‌కి ఈ ఏడాది షుగర్ పరీక్ష అయిందా, కోడ్ సరిగ్గా పడిందా, ఏదైనా మిస్సయిందా అని. అదే పిల్లాడి నాన్నకి షుగర్ ఉందనుకోండి, ఆయన వెళ్లే మన ఆసుపత్రికి వచ్చి "మీ షుగర్ పేషెంట్లలో ఎంతమందికి అదుపులో ఉంది?" అని అడిగితే చాలాచోట్ల చెప్పేవాళ్లుండరు. సాఫ్ట్‌వేర్ లేక కాదు, బిల్లింగ్‌కి ఉంది, ఫార్మసీకి ఉంది, ల్యాబ్‌కి ఉంది. నాణ్యత చెప్పే అంకెలు, అంటే ఇండికేటర్లు మాత్రం నెలాఖరున ఎక్సెల్ షీట్‌లో. క్వాలిటీ అమ్మాయి వార్డుకి ఫోన్ చేసి "అక్కా, ఈ నెల పేషెంట్లు ఎంతమంది కిందపడ్డారు?" అంటుంది, అవతల అక్క ఒక చేత్తో డ్రిప్ సరిచేస్తూ "పోయిన నెల ఎంత వేశావ్, అదే వేసుకో" అంటుంది. వీటినే కాకి లెక్కలంటారు. వీటిని ఎక్సెల్ నుంచి పెద్ద సాఫ్ట్‌వేర్‌లోకి మారిస్తే గ్రాఫులు రంగురంగులుగా వస్తాయి, అంతే తేడా.

నాణ్యతను కొలవడం ఎలా అని 1966లోనే అవెడిస్ డోనబెడియన్ అనే ఆయన చెప్పి పెట్టాడు. మీ దగ్గర ఏమున్నాయి, మీరు ఏం చేశారు, పేషెంట్‌కి చివరికి ఏమైంది, ఈ మూడూ చూడమన్నాడు. ఇప్పటికీ అందరూ దాని మీదే నడుస్తున్నారు. అందులో మొదటిది చూపించడం తేలిక, మంచాలు లెక్కపెడితే చాలు. మిగతా రెండింటికీ ఒక భిన్నం కావాలి, పైన లవం, కింద హారం, చిన్నప్పుడు బళ్లో చదువుకున్నదే.

ఈ పనిలో నేను చూసినంతవరకు గొడవంతా హారం దగ్గరే. లవం అందరూ లెక్కపెడతారు, ఎందుకంటే అది కంటికి కనబడుతుంది. పడిపోయిన పేషెంట్ కనబడతాడు, ఇన్‌ఫెక్షన్ వచ్చిన పేషెంట్ కనబడతాడు. హారంలో సగం మంది కనబడరు. మళ్లీ రమ్మన్నా రానివాళ్లు, పరీక్ష రాసిస్తే చీటీ పర్సులో పెట్టుకుని మర్చిపోయినవాళ్లు. వాళ్లను లెక్కలోకి తేవడానికే ఎలక్ట్రానిక్ రికార్డు ఉండాలి, మిగతా పనులు చాలావరకు కాగితం మీద కూడా జరుగుతాయి.

షుగర్ సంగతే చూద్దాం. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వాళ్లు వాడే కొలత ఒకటుంది. 18 నుంచి 75 ఏళ్ల మధ్య షుగర్ పేషెంట్లలో, ఆ ఏడాది చివరిసారి చేసిన హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 9 శాతం దాటినవాళ్లు ఎంతమంది అని. తక్కువ వస్తే మంచిదన్నమాట. ఇందులో ఒక మెలిక ఉంది, నాకు చాలా నచ్చిన మెలిక: ఆ ఏడాది అసలు పరీక్షే జరగని పేషెంట్‌ని కూడా 9 దాటినవాళ్లలోనే కలిపేస్తారు. మీ దగ్గర 200 మంది షుగర్ పేషెంట్లు ఉన్నారనుకోండి, వాళ్లలో 80 మందికి పరీక్ష అయింది, 60 మందికి 9 లోపే ఉంది. మనమైతే 80లో 60, డెబ్బై అయిదు శాతం మందికి పర్లేదు అని బోర్డు మీద రాసుకుని ఫొటో దిగుతాం. ఆ కొలత ప్రకారం 9 దాటినవాళ్లు 20, పరీక్ష లేనివాళ్లు 120, వెరసి 200లో 140 మంది, అంటే డెబ్బై శాతం మందికి అదుపులో లేనట్టే. పేషెంట్లు వాళ్లే, డాక్టర్లూ వాళ్లే.

ఇక్కడ డాక్టర్లకి కోపం వస్తుంది, వాళ్ల కోపంలో న్యాయం కూడా ఉంది. ఆ 120 మందిలో చాలామంది పరీక్ష చేయించుకునే ఉంటారు, కాకపోతే మన ల్యాబ్‌లో కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి పక్క డయాగ్నస్టిక్ సెంటర్‌లో ప్యాకేజీ ఆఫర్ ఉందని అక్కడే చేయించుకుంటారు, రిపోర్ట్ పీడీఎఫ్ వాట్సాప్‌లో వస్తుంది, కన్సల్టేషన్‌కి వచ్చినప్పుడు ఫోన్ తీసి టేబుల్ మీద పెడతారు, డాక్టర్ గారు రెండు వేళ్లతో జూమ్ చేసి చూసి "7.8, పర్లేదమ్మా, ఇవే మందులు వాడు" అంటారు. వైద్యం సరిగ్గానే జరిగింది, రికార్డులో మాత్రం ఒక్క ముక్క లేదు. ఇంకాస్త శ్రద్ధ ఉన్నచోట ఆ రిపోర్ట్‌ని స్కాన్ చేసి ఫైల్‌కి తగిలిస్తారు. మనిషి తెరిస్తే చదువుకోవచ్చు గానీ, లెక్కలు తీసే ప్రోగ్రామ్‌కి అది ఉత్త బొమ్మ. ఆ 7.8 అనే అంకె హెచ్‌బీఏ1సీ అనే గడిలో, తేదీతో పాటు పడాలి. ఆ గడి వెనక 4548-4 అనే లాయింక్ కోడ్, అంటే ల్యాబ్ పరీక్షలకి ప్రపంచమంతా వాడే నంబర్, కూడా ఉంటే, రేపు ఏ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ చదివినా అది హెచ్‌బీఏ1సీ అనే అర్థం చేసుకుంటుంది, "షుగర్ 3 నెలలది" అని ఒకరు, "ఏ1సీ" అని ఒకరు రాసుకున్న తంటా ఉండదు. అయితే ఈ పని డాక్టర్ నెత్తిన పెట్టకండి. లోపలికి పంపేముందు బీపీ, బరువు చూసే సిస్టర్ "బయట ఏమైనా టెస్టులు చేయించారా అమ్మా" అని అడిగి ఆ ఒక్క అంకె కొట్టేస్తే సరిపోతుంది.

తర్వాతది పేర్ల గోల. ఒకే లక్ష్మమ్మ గారు మన సిస్టమ్‌లో ముగ్గురు. మొదటిసారి వచ్చినప్పుడు కేతో లక్ష్మి, రెండోసారి ఎక్స్‌తో లక్ష్మి, మూడోసారి ఇంటిపేరు ముందు వచ్చింది. వయసు ఒకసారి 55, ఇంకోసారి "అరవై రాసుకో బాబూ". ఫోన్ నంబర్ ఒకసారి కొడుకుది, ఒకసారి అల్లుడిది. ఒక యూహెచ్ఐడీలో, అంటే ఆసుపత్రి ఇచ్చే పేషెంట్ నంబర్‌లో, షుగర్ అని రాసి ఉంది, ఇంకో యూహెచ్ఐడీలో పరీక్ష ఉంది, రెండూ ఎప్పుడూ కలవవు, కాబట్టి ఆవిడ పరీక్ష చేయించుకున్నా జన్మంతా పరీక్ష లేనివాళ్ల లెక్కలోనే ఉంటుంది. 2021 సెప్టెంబర్‌లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఒక్కో మనిషికీ ఆరోగ్య ఖాతాగా ఇచ్చే 14 అంకెల ఆభా నంబర్ ఈ చిక్కుకి కొంత మందు. కొంత అని ఎందుకంటున్నానంటే, రిజిస్ట్రేషన్ కౌంటర్ ముందు క్యూ తలుపు దాటిపోయి ఉన్నప్పుడు పాత నంబర్ వెతకడం కంటే కొత్తది తెరవడమే త్వరగా అవుతుంది, ఆ కుర్రాడు అదే చేస్తాడు. ఆ కుర్రాడికి వెతకడం తేలికగా ఉండేలా స్క్రీన్ పెట్టనంతకాలం ఆభా వచ్చినా ఇంకేం వచ్చినా ఇంతే.

ఇక టైమ్. సర్జరీలో కోత పెట్టడానికి ముందు గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, చాలా మందులకి ఇదే రూలు. ఓటీలో 8:10కి ఇంజెక్షన్ ఇచ్చారు, 8:40కి కోత పెట్టారు, బ్రహ్మాండం. కానీ సిస్టర్‌కి కంప్యూటర్ దగ్గర కూర్చునే తీరిక దొరికింది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. సాఫ్ట్‌వేర్ ఎంట్రీ కొట్టిన టైమ్‌నే మందు ఇచ్చిన టైమ్‌గా తీసుకుంటే, కోత పెట్టిన దాదాపు అయిదు గంటలకి యాంటీబయాటిక్ ఇచ్చినట్టు లెక్క. దీనికి విరుగుడుగా కొన్నిచోట్ల ఏం చేస్తారో మీకు తెలుసు, నవ్వుతున్నారు కూడా. ఆడిట్ ముందు తెరిచి చూస్తే అందరికీ సరిగ్గా అరగంట ముందే పడి ఉంటుంది. ఏ ఓటీలోనైనా నెలంతా గడియారం అలా నడుస్తుందా? ఇచ్చిన టైమ్ ఒక గడి, ఎంటర్ చేసిన టైమ్ ఇంకో గడి, రెండూ విడివిడిగా ఉండాలి, రెండోది ఎవరూ మార్చకూడదు. వీటి మధ్య తేడా ఎంత ఉంటోందో మూడు నెలలు చూడండి, మీ క్వాలిటీ సంగతి ఏమోగానీ మీ స్టాఫ్ ఎంత తక్కువున్నారో అది చెబుతుంది.

బీపీ గురించి ఒక్క మాట. అదుపులో ఉన్నట్టు అనాలంటే 140 లోపు, 90 లోపు ఉండాలి, సమానంగా ఉంటే కుదరదు. మనవాళ్లకి సున్నా అంటే ప్రేమ, 138/88 వస్తే 140/90 అని గుండ్రంగా రాసేస్తారు. ఆ రెండు పాయింట్ల గుండ్రంతో మందు వేసుకుంటూ బుద్ధిగా ఉన్న పేషెంట్ ఫెయిలయ్యాడు. బీపీ చూసే మెషిన్ చూపించింది చూపించినట్టు కొట్టండి.

ఐసీయూలో క్యాథెటర్, అంటే ఒంట్లోకి పెట్టే గొట్టం, వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్లు వెయ్యి క్యాథెటర్ రోజులకి ఎన్ని అని లెక్క వేస్తాం కదా, రోజూ క్యాథెటర్ ఉన్న పేషెంట్లని లెక్కపెట్టి కూడితే వచ్చే ఆ క్యాథెటర్ రోజులే హారం. కంప్యూటర్ ఈ లెక్క తనే తీసేస్తుంది, బాగానే ఉంది, కానీ క్యాథెటర్ పెట్టినప్పుడు రాసినంత శ్రద్ధగా తీసేసినప్పుడు ఎవరూ రాయరు. పేషెంట్ ఇంటికి వెళ్లి టిఫిన్ చేస్తుంటాడు, సిస్టమ్‌లో మాత్రం ఆయనకి ఇంకా క్యాథెటర్ ఉంటుంది. రోజులు పెరిగితే హారం పెరుగుతుంది, హారం పెరిగితే రేటు తగ్గుతుంది, మనకేమో ఇన్‌ఫెక్షన్లు తగ్గాయని సంబరం. అమెరికాలో జబ్బుల నియంత్రణ చూసే సీడీసీ వాళ్లు దీనికి ఒక నియమం పెట్టారు: చేత్తో లెక్కపెట్టినదానికీ కంప్యూటర్ లెక్కకీ మధ్య వరుసగా మూడు నెలలు 5 శాతం లోపే తేడా ఉంటేనే కంప్యూటర్ లెక్కని నమ్మాలి. డబ్బు ఖర్చు లేని పని, రోజూ ఒకే టైమ్‌కి ఒకరు మంచాల మధ్య తిరిగితే చాలు. మన దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన వారానికే రిజిస్టర్ మూలన పడేస్తారు.

అమెరికాని ఇంతసేపు పొగిడాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. 2009లో వాళ్లు హైటెక్ యాక్ట్ అని చట్టం తెచ్చారు, మన హైటెక్ సిటీకి దానికీ సంబంధం లేదు లెండి. ఎలక్ట్రానిక్ రికార్డు వాడితే ముందు డబ్బులిచ్చారు, తర్వాత వాడకపోతే చెల్లింపుల్లో కోత పెట్టారు. 2008లో పదింట ఒక ఆసుపత్రిలో కూడా సరైన రికార్డు వ్యవస్థ లేదు, 2015కల్లా పదింట ఎనిమిదింటికి వచ్చేసింది. దానికి మూల్యం కట్టింది డాక్టర్లు. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో, పేషెంట్‌తో గడిపే ప్రతి గంటకీ దాదాపు రెండు గంటలు కంప్యూటర్‌కీ డెస్క్ పనికీ పోతున్నాయని తేలింది. మన ఓపీల్లో డాక్టర్‌కి ఒక్కో పేషెంట్‌కి దొరికేదే నాలుగైదు నిమిషాలు, అందులోంచి ఇంక తీయడానికేముంది? ఇక మన దగ్గర 2023లో కేంద్రం మొదలుపెట్టిన డిజిటల్ హెల్త్ ప్రోత్సాహకాన్ని ఆభాకి లింక్ చేసిన రికార్డుల సంఖ్యని బట్టి పెట్టారు. లింక్ చేయించడానికి అది మంచిదే, కానీ ఆ రికార్డులో ఏముందో ఆ డబ్బు అడగదు, అడిగే బాధ్యత మనదే.

టార్గెట్ల విషయంలో కూడా కాస్త జాగ్రత్త. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని నాలుగు గంటల్లో తేల్చాలని టార్గెట్ పెడితే, సరిగ్గా నాలుగు గంటలు కావడానికి కొన్ని నిమిషాల ముందు గుంపులు గుంపులుగా అడ్మిషన్లు, డిశ్చార్జిలు కనబడ్డాయి. అంకెకి జీతాన్ని ముడిపెడితే అంకె ఎలాగోలా వస్తుంది. దయచేసి సిస్టర్ల ఇంక్రిమెంట్‌ని ఇండికేటర్‌తో ముడిపెట్టకండి.

మరి ఏం చేయాలి? గడులు తగ్గించండి. మన దేశంలో హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ కింద పంజాబ్, మహారాష్ట్రల్లో సింపుల్ అనే యాప్ వాడారు. నర్సు ఒక పేషెంట్ విజిట్‌ని అర నిమిషంలోపే నమోదు చేసేలా కట్టారు దాన్ని. బీపీ ఎంత, ఏ మందు ఇచ్చాం, మళ్లీ ఎప్పుడు రావాలి, దాదాపు అంతే. చెల్లెలి పెళ్లెప్పుడు అని అడగదు. దాని అసలు బలం ఇంకోటి ఉంది: రావాల్సిన తేదీకి రానివాళ్ల పేర్లు లిస్టుగా చూపించి, అక్కడినుంచే ఫోన్ చేయనిస్తుంది. నా దృష్టిలో ఎలక్ట్రానిక్ రికార్డు చేయాల్సిన పని ఇదే. అదుపులో ఉన్నవాళ్లు 62 శాతం అని మీటింగ్‌లో చూపిస్తే తల ఊపి సమోసా తిని వెళ్లిపోతాం, అదే మిగతా 38 శాతం మంది పేర్లు, ఫోన్ నంబర్లు సోమవారం పొద్దున సిస్టర్ చేతికిస్తే ఆవిడ పది ఫోన్లు చేస్తుంది, నలుగురు వస్తారు, కొలత దానంతటదే కదులుతుంది. ఆ లిస్టుని వార్డు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, 2023లో డేటా రక్షణ చట్టం వచ్చిన సంగతి గుర్తుంచుకోండి, చట్టం లేకపోయినా ఒకరి జబ్బు సంగతి గ్రూపులో తిరగకూడదు.

చివరగా, మేనేజ్‌మెంట్ వాళ్లు వెనక వరుసలో కూర్చున్నారు కాబట్టి ఇది వాళ్లకే. సాఫ్ట్‌వేర్ అమ్మే వెండర్ డెమోకి వచ్చినప్పుడు డ్యాష్‌బోర్డ్ చూపించనివ్వకండి, అది అందరిదీ అందంగానే ఉంటుంది. "ఆరు నెలలుగా హెచ్‌బీఏ1సీ లేని మా షుగర్ పేషెంట్ల పేర్లు ఇప్పుడు, ఇక్కడే తీసి చూపించండి" అనండి. తర్వాత, మీ సిస్టర్ ఒకరిని పిలిచి ఆ స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, ఒక విజిట్ ఎంటర్ చేయమని, పక్కన నిలబడి టైమ్ చూడండి. "రిపోర్ట్ కావాలంటే కస్టమైజేషన్ సార్, ఎక్స్‌ట్రా అవుతుంది" అనే మాట ఎలాగూ వస్తుంది, అదేదో పర్చేజ్ ఆర్డర్ మీద సంతకం పెట్టకముందే రానివ్వండి. ఇక ప్రశ్నలు అడగండి, ముందు సిస్టర్లకి మైక్ ఇవ్వండి.