అటక మీద ఎగిరిన గుర్రం

[తెర మీద: చెక్క బల్ల. దాని మీద నల్ల అట్టతో కత్తిరించిన చిన్న పిచ్చుక. పైన స్టాండుకు బిగించిన ఫోన్.]

నమస్తే అండీ. ముందు ఈ పిచ్చుకను చూడండి. పాత శుభలేఖ అట్టకు నల్లరంగు వేసి కత్తిరించాను. రెక్క విడిగా ఉంది, దారంతో ఒంటికి ముడివేశాను. ఇప్పుడు ఆ రెక్కను నువ్వుగింజంత పైకి జరుపుతాను. ఫోటో. మళ్లీ నువ్వుగింజంత. మళ్లీ ఫోటో. ఇలా 24 ఫోటోలు తీసి, వరసగా వేగంగా చూపిస్తే...

[పిచ్చుక ఒక్కసారి రెక్క ఆడిస్తుంది.]

అయిపోయింది. ఒక్క సెకను. దీనికి నాకు ముప్పావుగంట పట్టింది. అట్ట గాలికి కదలకూడదని ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాను. 17వ ఫోటో దగ్గర మోచెయ్యి తగిలి పిచ్చుక పక్కకు జరిగింది, మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది.

దీన్నే స్టాప్ మోషన్ అంటారు. బొమ్మ మట్టిదైనా, బట్టదైనా, కాగితందైనా పద్ధతి ఇదే. గంట సినిమా కావాలంటే 86,400 ఫోటోలు. ఇద్దరు మనుషులు కూర్చుని తీస్తే ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది. సినిమా తీసేవాళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు, షూటింగ్ ఆగినా వడ్డీ ఆగదని. ఫైనాన్స్ తెచ్చినవాడికి రోజు గడిస్తే గుండె దడ. మరి రోజుకు కొన్ని సెకన్లు మాత్రమే కదిలే సినిమాకు డబ్బు పెట్టేదెవరు? మన పాత కవులకు కృతిభర్తలు ఉండేవారు. కవి ఇల్లు గడవడానికి కావలసింది రాజో, మంత్రో చూసుకునేవాడు, కవి తన కావ్యాన్ని ఆయనకు అంకితమిచ్చేవాడు. స్టాప్ మోషన్‌కూ అలాంటి కృతిభర్తలు దొరికిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వందేళ్ల కిందటిది.

[తెర మీద: బెర్లిన్ వీధి, 1923. తోపుడు బండిలో నోట్ల కట్టలు.]

జర్మనీ, 1923. మొదటి ప్రపంచయుద్ధం ఓడిపోయిన దేశం. డబ్బు విలువ రోజురోజుకూ కాదు, పూటపూటకూ పడిపోతోంది. నవంబరు నాటికి ఒక్క డాలరు కొనాలంటే 4.2 లక్షల కోట్ల మార్కులు కావాలి. మార్కు అంటే వాళ్ల రూపాయి. పొద్దున జీతం తీసుకున్నవాడు సాయంత్రానికి దాంతో ఏమీ కొనలేడు. చేతిలో డబ్బున్నవాళ్లు దాన్ని ఏదో ఒక సరుకుగా మార్చేసుకుంటున్నారు.

లూయీ హాగెన్ అనే బ్యాంకరు కొన్న సరుకు ఏమిటో తెలుసా? ముడి ఫిల్మ్. ఇంకా ఏ బొమ్మా పడని ఖాళీ రీళ్లు, పెద్ద మొత్తంలో.

ఆయనకు లోట్టె రైనిగర్ అనే 24 ఏళ్ల అమ్మాయి పని తెలుసు. బెర్లిన్‌లో పుట్టింది. కత్తెర పట్టుకుంటే చాలు, నల్ల కాగితంలోంచి మనిషి, గుర్రం, చెట్టు ఊడిపడేవి. ఒక సినిమా కోసం చెక్క ఎలుకలను అంగుళం అంగుళం జరిపి నడిపించింది కూడా. తర్వాత నీడబొమ్మలతో చిన్నచిన్న సినిమాలు తీసింది. హాగెన్ ఆమెను అడిగాడు: నా దగ్గర ఫిల్మ్ ఉంది, పూర్తి నిడివి సినిమా ఒకటి తీయగలవా?

ఈ ప్రశ్న బరువు ఇప్పుడు మనకు తెలియదు. అప్పట్లో యానిమేషన్ అంటే అసలు సినిమాకు ముందు వేసే పది నిమిషాల నవ్వుల ముక్క. జనం గంటసేపు కూర్చుని కదిలే బొమ్మలను చూస్తారని పరిశ్రమలో ఎవరికీ నమ్మకం లేదు. నమ్మింది ఒక బ్యాంకరు.

[తెర మీద: రెండంతస్తుల గ్యారేజీ బొమ్మ. పై అటక మీద వెలుగుతున్న కిటికీ.]

హాగెన్ ఇల్లు బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్‌లో. ఇంటి గ్యారేజీ పైన అటక. అదే స్టూడియో. లోట్టె, ఆమె భర్త కార్ల్ కోహ్, ఇంకొందరు మిత్రులు. వాల్టర్ రుట్‌మన్, బెర్తోల్డ్ బార్టోష్ లాంటివాళ్లు, తర్వాత సొంతంగా పేరు తెచ్చుకున్నవాళ్లే.

పని ఎలా జరిగేదో కొంచెం దగ్గరగా చూద్దాం. గాజు పలక అడ్డంగా పరిచిన బల్ల. కింద నుంచి దీపం. గాజు మీద బొమ్మ. నిట్టనిలువుగా పైన కెమెరా, కిందికి చూస్తూ. బొమ్మలు నల్ల అట్టవి. బరువు కోసం పలుచని సీసపు రేకు వాడేవారు. మోచెయ్యి, మోకాలు, మెడ, ప్రతి కీలు దగ్గరా తీగ ముడి. ఒకే బొమ్మకు బోలెడు ముక్కలు. అటక కప్పు ఎత్తు తక్కువ. కెమెరాకు సరిపడా దూరం రావాలంటే గాజు పలక దాదాపు నేలకు ఆనేలా ఉండాలి. అందుకని లోట్టె పాత కారు నుంచి ఊడదీసిన సీటు మీద మోకాళ్లూని, బల్ల మీదికి వంగి బొమ్మలు జరిపేది.

ఒకటి రెండు రోజులు కాదు. 1923 నుంచి 1926 దాకా. తీసిన ఫోటోలు సుమారు రెండున్నర లక్షలు. వాటిలో సినిమాలోకి వెళ్లినవి 96 వేల దాకా.

నన్ను అడిగితే హాగెన్ ఇచ్చినదాంట్లో అసలు విలువైనది ఫిల్మ్ కాదు. ఆ మూడేళ్లు. మళ్లీ తీయడానికి కావలసిన వ్యవధి. ముప్పావుగంట కష్టపడి తీసిన సెకను పాడైతే ఎలా ఉంటుందో ఈ పిచ్చుక దగ్గర నాకు కొంచెం తెలిసింది. వేల ఫోటోలు పక్కన పారేసి మళ్లీ మొదలుపెట్టే ధైర్యం రావాలంటే, వెనక నిలబడినవాడు గడియారం చూడకూడదు.

ఆ సినిమా పేరు 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు'. అరేబియన్ నైట్స్ కథలు. మంత్రగాడు తెచ్చిన ఎగిరే గుర్రం, దాని మీద రాకుమారుడు, మధ్యలో అల్లావుద్దీన్ దీపం. 'చందమామ' చదివి పెరిగినవాళ్లకు ఈ లోకం కొత్తగా అనిపించదు.

మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇంకొకటి కూడా తడుతుంది. నిమ్మలకుంటలో చేసే మేకతోలు బొమ్మకు వెనక దీపం పెడితే తోలులోంచి ఎరుపు, పచ్చ రంగులు వెలుగుతాయి. లోట్టె బొమ్మ అలా కాదు. దాని గుండా వెలుగు రాదు, మొత్తం నలుపే. కళ్లు కనిపించవు, ముఖంలో భావం చూపించడానికి వీల్లేదు. తల ఎంత వంగింది, వేళ్లు ఎలా విచ్చుకున్నాయి, అంతా వాటితోనే చెప్పాలి. అయినా ఆ రాకుమారి సిగ్గుపడితే మనకు తెలిసిపోతుంది. ఇది ఎలా సాధ్యమో ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే.

1926 మే 2న బెర్లిన్‌లోని ఫోక్స్‌బ్యూనె నాటకశాలలో మొదటి ప్రదర్శన. తర్వాత పారిస్‌లో బాగా ఆదరించారు. పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో ఇప్పటికి మిగిలి ఉన్నవాటిలో ఇదే అన్నిటికన్నా పాతది. డిస్నీ స్నో వైట్ వచ్చింది 11 ఏళ్ల తర్వాత, 1937లో.

[తెర మీద: పోర్ట్‌లాండ్ నగరం. బల్ల మీద మట్టి బొమ్మ.]

అందరు కృతిభర్తలూ హాగెన్‌లా ఉండరు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు వద్దాం. అక్కడ విల్ వింటన్ అనే ఆయన మట్టిబొమ్మల స్టూడియో కట్టుకున్నాడు. 1975లో ఆస్కార్ కూడా అందుకున్నాడు. 1990ల చివర్లో, పెద్ద సినిమాలు తీయడానికి డబ్బు కావాలని పెట్టుబడిదారుల కోసం చూశాడు. వచ్చింది నైకీ బూట్ల కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఫిల్ నైట్. ఆయన కొడుకు ట్రావిస్ అదే స్టూడియోలో యానిమేటర్‌గా చేరాడు. కొన్నేళ్లలో స్టూడియో మొత్తం నైట్ చేతికి వెళ్లింది. వింటన్ బయటికి. 2005లో స్టూడియో పేరు కూడా మారింది: లైకా.

సొంత చేతులతో కట్టుకున్న ఇల్లు అది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. 2009లో 'కోరలైన్'తో మొదలుపెట్టి లైకా తీసిన మొదటి ఐదు సినిమాలూ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాయి. 2016లో వచ్చిన 'కూబో' కోసం 16 అడుగుల అస్థిపంజరం బొమ్మ చేశారు. అంత పెద్ద బొమ్మనూ ఫోటో ఫోటోకూ జరిపారు. దాని దర్శకుడు ట్రావిస్ నైటే, అప్పటికి స్టూడియో అధిపతి. 2019లో వచ్చిన 'మిస్సింగ్ లింక్'కు దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చయితే, థియేటర్లలో ప్రపంచమంతా కలిపి వచ్చింది 2 కోట్ల 60 లక్షల చిల్లర. ఇంకెక్కడైనా ఆ దెబ్బకు తాళం పడేది. లైకాలో తర్వాతి సినిమాకు బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. కోటీశ్వరుడి డబ్బు వెనక ఉంటే కలిగే నిబ్బరం అది. ఆ నిబ్బరం వింటన్‌కే దక్కి ఉంటే ఏం తీసేవాడో అనిపిస్తుంది నాకు.

[తెర మీద: మళ్లీ పోట్స్‌డామ్ అటక.]

అటక కథ ఇంకా మిగిలే ఉంది. లోట్టె అక్కడ బొమ్మలు జరుపుతున్నప్పుడు హాగెన్ ఇంట్లో ఒక చిన్నపిల్లవాడు ఉండేవాడు. హాగెన్ కొడుకు, తండ్రి పేరే, లూయీ. వాళ్లు యూదులు. హిట్లర్ వచ్చాక, 1934లో, పోస్టుకార్డు మీద రాసిన ఒక హాస్యపు మాటకు ఆ కుర్రవాణ్ని నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఎలాగో బయటపడి ఇంగ్లండ్ చేరాడు. 1944లో బ్రిటిష్ సైన్యం తరఫున నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ దగ్గర జరిగిన యుద్ధంలో పోరాడి పతకం తెచ్చుకున్నాడు.

'ప్రిన్స్ అహ్మద్' సినిమా అసలు నెగెటివ్ యుద్ధంలో బెర్లిన్‌లో నాశనమైపోయింది. ఇప్పుడు మనం చూసేది వేరేచోట మిగిలిన రంగు ప్రింటు నుంచి బాగుచేసింది.

లోట్టె, కార్ల్ యుద్ధం తర్వాత, 1949లో, లండన్ వచ్చారు. అప్పటికి ఆమెకు 50 ఏళ్లు. 1950ల మొదట్లో చిన్న లూయీ హాగెన్ భాగస్వామిగా లండన్‌లో ప్రిమ్‌రోజ్ ప్రొడక్షన్స్ అని ఒక కంపెనీ పెట్టారు, ఆమె సినిమాల కోసం. ఆమె మళ్లీ కత్తెర పట్టింది. ఆ కంపెనీలో తీసిన బుజ్జి దర్జీ కథకు 1955లో వెనిస్‌లో బహుమతి వచ్చింది. తండ్రి గ్యారేజీ ఇచ్చిన మనిషికి, 30 ఏళ్ల తర్వాత, ఇంకో దేశంలో, కొడుకు బల్ల ఏర్పాటు చేశాడు.

[తెర మీద: మొదటి పిచ్చుక. రెక్క ఒక్కసారి ఆడి, ఆగుతుంది.]