పూతరేకు తీపి ఎక్కడిదాకా వెళ్తుంది?

హోస్ట్: నమస్కారం, అమలాపురం నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ మా మావయ్య వచ్చారు. మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యారు. మావయ్యా, ఆత్రేయపురం పూతరేకు ఒకటి తినగానే రెండోదాని మీదకి చెయ్యి ఎందుకు పోతుందండీ? నాలుక చపలత్వమేనా?

మావయ్య: నాలుక ఒక్కదాని పని కాదమ్మా. 2020లో కొలంబియా యూనివర్సిటీలో చార్లెస్ జుకర్ బృందం ఎలుకల ముందు రెండు సీసాలు పెట్టింది. ఒకదాంట్లో గ్లూకోజ్ నీళ్ళు, ఇంకోదాంట్లో కేలరీలు లేని తీపి. మొదట రెండూ తాగాయి. రెండు రోజులయ్యేసరికి గ్లూకోజ్ సీసా వదల్లేదు. తీపి రుచే తెలియకుండా పుట్టించిన ఎలుకలూ చక్కెరనే పట్టుకున్నాయి!

హోస్ట్: రుచి తెలియకుండా ఎలా పోల్చుకున్నాయి?

మావయ్య: పేగుతో. చిన్నపేగు గోడలోని కణాలు గ్లూకోజ్‌ని గుర్తుపట్టి, మెదడుకీ పేగుకీ మధ్య ఉండే వేగస్ నరం మీదుగా మెదడు కాండానికి, అంటే మెదడు కింది భాగానికి, కబురు పంపుతాయి. అక్కడ ఆ కబురు అందుకునే కణాల్ని పనిచెయ్యనివ్వకపోతే ఎలుకలకి ఆ ఇష్టమే పుట్టలేదు. అందుకే, షుగర్ ఉన్న పెద్దాయన స్వీటు మానలేకపోతే ఇంట్లో అందరూ ‘నోరు కట్టుకోలేవా’ అని విరుచుకుపడుతుంటే నాకు బాధేస్తుంది. ఆయన ఒక్క నోటితోనే పోరాడటం లేదు.

హోస్ట్: మరి మెదడు పేగుకి తిరిగి ఏమైనా చెబుతుందా?

మావయ్య: నాకు బాగా ఇష్టమైన సంగతి అడిగావు. జీఎల్‌పీ-1 అని ఒక హార్మోన్ ఉంది. బరువు తగ్గే ఇంజెక్షన్లు కొన్ని దాన్ని అనుకరించేవే. ఇన్సులిన్‌ని పెంచుతుంది, ఆకలి తగ్గిస్తుంది. దాన్ని వదిలే కణాలు ఎక్కువగా చిన్నపేగు చివర, పెద్దపేగులో ఉంటాయి. కానీ తినడం మొదలెట్టిన పది పదిహేను నిమిషాలకే రక్తంలో అది పెరుగుతుంది. అప్పటికి అన్నం అంత దూరం ఎక్కడ వెళ్ళింది?

హోస్ట్: ధవళేశ్వరంలో గేటెత్తిన పావుగంటకే శివారు చేలో నీళ్ళు కనబడినట్టుందే!

మావయ్య: సరిగ్గా అదేనమ్మా. పైపేగులోనూ ఆ కణాలు కొన్ని ఉన్నాయి, అదొక కారణం. రెండోది నరం. ఎలుకల పేగు పైభాగంలోకి కొవ్వు పంపితే, కింద ఉన్న కణాలు జీఎల్‌పీ-1 వదిలాయి. వేగస్ నరం కోసేశాక అదే కొవ్వు పంపినా వదల్లేదు. అంటే కబురు నరం మీదుగానే కిందికి దిగుతోంది. ఇక రక్తంలో చక్కెరని మెదడు నేరుగానూ కనిపెడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్ గారి బృందం 1964లోనే చూపించింది. గ్లూకోజ్ పెరిగితే మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌ అనే భాగంలో తృప్తి కేంద్రం చురుకవుతుంది, ఆకలి కేంద్రం నెమ్మదిస్తుంది. మన దేశంలో జరిగిన పని ఇది, పిల్లలకి తప్పకుండా చెప్పాలి.

హోస్ట్: మన విందుల్లో ఆకులో స్వీటే ముందు తింటాం కదండీ?

మావయ్య: షుగర్ ఉన్నవాళ్ళు ఆ వరస మార్చుకోవాలి. ముందు కూర, పప్పు, ఇంట్లో అయితే చేపముక్క. తర్వాత అన్నం. స్వీటు ఆఖర్న, చిన్న ముక్క. కూరగాయలు, మాంసకృత్తులు ముందు వెళ్తే చక్కెర అంత ఎగబాకదు. మందుల మోతాదు మాత్రం మీ డాక్టర్ గారిని అడక్కుండా మార్చకండి.