స్క్రీన్ తప్పు కాదు, తీగది: నా బోటు ఎలక్ట్రానిక్స్ రివ్యూ

అందరికీ నమస్తే. నేనిప్పుడు టెక్సస్‌లో, కీమా దగ్గర ఒక మెరీనాలో, నా 20 అడుగుల సెంటర్ కన్సోల్ బోటులో, అంటే స్టీరింగ్ ఉండే గట్టు (కన్సోల్) మధ్యలో ఉండే రకంలో, కూర్చుని మాట్లాడుతున్నా. గాలి గట్టిగానే ఉంది, మైకులో హోరు వినిపిస్తే కాస్త సర్దుకోండి.

పోయినసారి వీడియోలో ఈ 9 అంగుళాల చార్ట్‌ప్లాటర్, అంటే బోటులో మ్యాపు, లోతు చూపించే స్క్రీన్, రివ్యూ చేస్తానని మాటిచ్చాను కదా. చేస్తాను. కానీ ఒకటి ముందే ఒప్పేసుకుంటా. కొన్న మొదటి ఆరు నెలలూ ఈ స్క్రీన్‌ని తిట్టని రోజు లేదు. దాని కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కానే కాదు. తప్పంతా నాది, ఈ బోటు పాత ఓనర్‌ది.

ఏం జరిగేదంటే, పట్టిన చేపలు బతికుండటానికి లైవ్‌వెల్ అనే నీళ్ల తొట్టి పంపు నడుస్తూ ఉంటుంది. నేను వీహెచ్ఎఫ్ రేడియో మైకు బటన్ నొక్కి మాట్లాడటం మొదలుపెట్టగానే స్క్రీన్ టప్పుమని ఆరిపోయేది. మళ్లీ ఆన్ అవడానికి నిమిషం. గాల్వెస్టన్ బే తెలిసినవాళ్లకి ఆ నిమిషం ఎంత పొడుగో అర్థమవుతుంది. సగటు లోతు ఇంచుమించు 7 అడుగులు, అక్కడక్కడా ఆయిస్టర్ గుల్లల దిబ్బలు, మధ్యలో పెద్ద పెద్ద ఓడలు తిరిగే హ్యూస్టన్ షిప్ ఛానెల్. లోతు చూపించే స్క్రీన్ సరిగ్గా అక్కడే కళ్లు మూసుకుంటే టెన్షన్ మామూలుగా ఉండదు.

నేను చేసిన మొదటి పొరపాటు, మీటర్ తీసుకెళ్లి బ్యాటరీ మీద పెట్టడం. 12.4 చూపించింది. బ్యాటరీ భేషుగ్గా ఉంది, కాబట్టి స్క్రీనే దొంగ అనుకున్నా. మీటర్ పెట్టాల్సింది అక్కడ కాదండీ. స్క్రీన్ వెనక ప్లగ్ దగ్గర, అదీ పంపు, రేడియో రెండూ నడుస్తుండగా పెట్టాలి. అలా పెట్టి మైకు నొక్కితే ఎంతో తెలుసా? 9.8. ఈ ప్లాటర్‌కి కనీసం 10 వోల్టులు కావాలి. ఆరిపోక ఏం చేస్తుంది పాపం?

ఇక్కడ కొంచెం లెక్క చెప్తా, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. బ్యాటరీ వెనక ఉంది, కన్సోల్ మధ్యలో ఉంది. వైరు పోను 15 అడుగులు, రాను 15, మొత్తం 30. చాలామంది ఆ 'రాను' లెక్కలోకే తీసుకోరు. పాత ఓనర్ వేసింది 16 గేజ్ తీగ. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. దాని నిరోధం వెయ్యి అడుగులకి దాదాపు 4 ఓమ్‌లు, అంటే మన 30 అడుగులకి 0.12. ప్లాటర్‌కి 2 ఆంపియర్లు, 25 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు ఓ 6, పంపుకి 3, మూడూ ఆ ఒక్క తీగ మీదే, కలిపి 11. పదకొండుని 0.12తో గుణించండి, 1.3 వోల్టులు దారిలోనే హరీ. అమెరికాలో బోట్ల వైరింగ్‌కి ఏబీవైసీ ప్రమాణాలని ఉన్నాయి. వాటి ప్రకారం ఎలక్ట్రానిక్స్, నావిగేషన్ లైట్ల లాంటి ముఖ్యమైన వాటికి దారిలో వోల్టేజీ 3 శాతానికి మించి తగ్గకూడదు. మనది 10 శాతం దాటింది.

అయినా 12.4 లోంచి 1.3 తీసేస్తే 11.1 ఉండాలి కదా, 9.8 ఎందుకొచ్చింది? మిగతాది తిన్నది ఇదిగో, చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నా. విప్పిన పాత తీగ ఇది. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తదానిలా మెరుస్తోంది. చీల్చితే లోపల నల్లగా, జాయింట్ దగ్గర పచ్చగా చిలుము. ఉప్పు నీరు తీగ పోగుల మధ్య నుంచి లోపలికి పాకిపోతుంది.

మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెడితే చిలుమెక్కుతుందని కళాయి వేయించేవాళ్లు గుర్తుందా? వీధిలో కళాయివాడి కేక వినపడగానే మా అమ్మమ్మ గిన్నెలన్నీ బయటపెట్టేది. బోటు తీగకి కూడా అదే వైద్యం. మెరైన్ గ్రేడ్ టిన్డ్ వైర్ అంటే ఏమీ లేదు, ప్రతి రాగి పోగుకీ తగరం పూత ఉంటుంది. నేను ఆంకర్ కంపెనీది తీసుకున్నా, 8 గేజ్. నా లెక్కకి 10 గేజ్ కూడా బొటాబొటిగా సరిపోతుంది, కానీ రేపు ఇంకో పరికరం పెట్టకుండా నేనుంటానా? కారు విడిభాగాల షాపులో దొరికే మామూలు రాగి తీగకంటే ధర బాగా ఎక్కువే. గిట్టుబాటేనా అంటే, నా చేతిలో ఉన్న ఈ పచ్చ తీగ వైపు చూడండి.

ఇక క్రింపర్, అంటే తీగ చివర లోహపు కొనని నొక్కి బిగించే పనిముట్టు. చవకది, నొక్కితే చాలు అనుకునే రకం, దాన్ని పక్కన పడేశా. ర్యాచెట్ క్రింపర్ అయితే పూర్తిగా నొక్కేదాకా వదలదు, చేతి బలంతో పనిలేదు. ఆ జాయింట్ పైన, లోపల జిగురున్న హీట్ ష్రింక్, అంటే వేడికి ముడుచుకునే గొట్టం, వేయండి. వేడి చేసినప్పుడు చివర నుంచి జిగురు బొట్టు బయటికి రావాలి, వస్తేనే నీరు ఆగినట్టు. సోల్డరింగ్ చేయొచ్చుగా అని కామెంట్లలో అడుగుతారని తెలుసు. ఉత్త సోల్డరింగ్‌నే నమ్ముకోవద్దు. అది చేసినచోట తీగ బిరుసెక్కుతుంది, అలల కుదుపుకి సరిగ్గా ఆ అంచున తెగుతుంది. ఇళ్లలో వాడే ఒంటి తీగ వైరు కూడా ఇందుకే బోటులో పనికిరాదు.

ఫ్యూజు సంగతి. కన్సోల్‌లో బ్లూ సీ వాళ్ల ఆరు సర్క్యూట్ల ఫ్యూజ్ బ్లాక్ పెట్టా. నెగటివ్ తీగలన్నీ కలిపే పట్టీ (నెగటివ్ బస్) కూడా దాంట్లోనే ఉంది, మూత ఉంది, నాకు బాగా నచ్చింది. కానీ అంతకంటే ముఖ్యమైన ఫ్యూజు బ్యాటరీ దగ్గర ఉండాలి, తీగ వెంట కొలిస్తే 7 అంగుళాల లోపు. ఫ్యూజు కాపాడేది స్క్రీన్‌ని కాదు, తీగని. నా బోటులో ముందు అది లేనే లేదు. 15 అడుగుల తీగ ఎక్కడ ఒరుసుకుపోయినా మంటే. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రంగుల్లో ఒక తిరకాసుంది. మన ఊళ్లో నలుపంటే న్యూట్రల్. అమెరికా ఇళ్లలో నలుపులోనే కరెంటు వస్తుంది. బోటు డీసీలో నలుపు నెగటివ్. ఈ గందరగోళం లేకుండా నెగటివ్‌కి పసుపు వాడొచ్చు. నేను అదే వాడా.

బోటు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎన్ఎంఈఏ 2000 నెట్‌వర్క్ గురించి ఎక్కువ చెప్పను. ఒక వెన్నెముక కేబుల్, రెండు చివరలా టెర్మినేటర్లనే 120 ఓమ్‌ల మూతలు, మధ్యలో పరికరాలు తగిలించే T ఆకారపు జాయింట్లు. కరెంటు ఆపి మీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి. నాకు 120 వచ్చింది. ఒక టెర్మినేటర్ ఇంకా డబ్బాలోనే ఉంది! ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి మొరాయించిందంటే అందుకే.

ఇదంతా కేవలం చేపల కోసం కాదు. రేడియో మీద ఎర్ర మూత కింద డిస్ట్రెస్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కిపట్టుకుంటే మీరున్న చోటు కోస్ట్ గార్డ్‌కి వెళ్తుంది, కానీ రేడియోకి జీపీఎస్ అందితేనే, మీ బోటుని గుర్తుపట్టే తొమ్మిదంకెల ఎంఎంఎస్ఐ నంబరు ఎక్కిస్తేనే. బోట్‌యూఎస్ అనే బోటు ఓనర్ల సంఘం ద్వారా తీసుకున్న నంబరు అమెరికా జలాల వరకే. బహామాస్ లాంటి వేరే దేశం వెళ్లేవాళ్లు ఎఫ్‌సీసీ, అంటే అమెరికా ప్రభుత్వ కమ్యూనికేషన్ల సంస్థ, దగ్గర తీసుకోవాలి. చాలా రేడియోల్లో ఆ నంబరు ఒకటి రెండుసార్లకంటే ఎక్కువ కొట్టనివ్వరు, చూసి కొట్టండి. ఇంకోటి, రేడియో స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, దిక్సూచికి దూరంగా బిగించండి.

నీళ్లలోకి శబ్దం పంపి లోతు, చేపలు పసిగట్టే ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ మిగిలితే చుట్టచుట్టి పెట్టుకోండి, కత్తిరించొద్దు. యాంటెన్నా కేబుల్‌కి, పంపు వైర్లకి దూరంగా లాగండి. లేకపోతే స్క్రీన్ మీద చేపలకి బదులు చుక్కలు కనిపిస్తాయి. కాకినాడ నుంచి మా బావ వీడియో కాల్‌లో చూసి, "ఇన్ని చుక్కలున్నాయి, ఒక్క చేప పట్టలేదేంటి బావా?" అన్నాడు.

అన్నీ కలిపి తీగలు, ఫ్యూజులు, క్రింపర్‌కి అయిన ఖర్చు స్క్రీన్ ధరలో దాదాపు మూడో వంతు. రెండు వారాంతాలు పట్టింది, నడుం పట్టేసింది. స్క్రీన్‌కి పదికి తొమ్మిది ఇస్తా. మిట్టమధ్యాహ్నం ఎండలో గాజు కాస్త మెరుస్తుంది, అందుకే ఆ ఒకటి తగ్గించా.

సరే, మీ ముందే చూపిస్తా. మీటర్ స్క్రీన్ వెనక పెట్టా. పంపు ఆన్. ఇప్పుడు రేడియో చెక్, ఛానెల్ 16లో కాదు, అది అత్యవసరాలకి. బటన్ నొక్కుతున్నా... 12.1. స్క్రీన్ వెలుగుతూనే ఉంది. ఇక తాడు విప్పుతున్నా, ట్రౌట్ కోసం వెళ్లాలి.