పూతరేకు మందంలో నాడుల ఎలక్ట్రోడ్

నమస్కారం అండి. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ ఒక్కసారి లాగితే రేకు వస్తుంది, కాస్త తడి తగిలితే ఎలా మడిచినా మడతపడుతుంది. దిబ్బరొట్టెలా దళసరైతే మడవలేం. నాడీకణాల విద్యుత్ సిగ్నల్ అందుకోవడానికి వాటికి ఆనించే ఎలక్ట్రోడ్‌కీ ఇదే సూత్రం. వంగనివ్వని బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం పదో వంతైతే బిగువు వెయ్యో వంతైపోతుంది.

మెదడు మెత్తదనం కిలోపాస్కల్స్‌లో ఉంటే, సిలికాన్ గట్టిదనం వందకు పైగా గిగాపాస్కల్స్ (ఒక గిగాపాస్కల్ అంటే పది లక్షల కిలోపాస్కల్స్). ఊపిరి తీసిన ప్రతిసారీ మెదడు కదులుతుంది. సిలికాన్‌తో చేసిన గట్టి సూది ఎలక్ట్రోడ్ దానికి రాసుకుని చుట్టూ మచ్చ కడుతుంది, సిగ్నల్ సన్నగిల్లుతుంది.

తయారీ చూద్దాం. సిలికాన్ వేఫర్ (పల్చటి బిళ్ల) మీద 2 మైక్రాన్ల పారిలీన్-సి అనే ప్లాస్టిక్ పొర, దానిపై 10 నానోమీటర్ల క్రోమియం, 100 నానోమీటర్ల బంగారం. బంగారాన్ని తీగలుగా గీయడానికి వాడే, వెలుగుకు మారే పూత ఫోటోరెసిస్ట్ పూసేముందు 110 డిగ్రీల దగ్గర కాసేపు ఆరబెట్టండి. మన కోనసీమ తేమగాలికి ఈ పని మానేస్తే రెసిస్ట్ అంచులు లేచి గీతలు పాడవుతాయి. తర్వాత పొరలు బాగా అతుక్కునేలా ఆక్సిజన్ ప్లాస్మా (విద్యుదావేశం నిండిన వాయువు) పెట్టి, పైన మరో 2 మైక్రాన్ల పారిలీన్.

అసలు ప్రాణం ఈ రెండు పొరల అతుకులోనే ఉందండి. నీటి ఆవిరి ఏ ప్లాస్టిక్‌లోంచైనా లోపలికి పోతుంది. అతుకు గట్టిగా ఉంటే దానికి నీరుగా మారే చోటు దొరకదు. వేలిముద్రో దుమ్మో మిగిలిన చోట ఖాళీ ఏర్పడి, నీరు చేరి, పక్కపక్క తీగలు కలిసిపోతాయి. అందుకే చేతి తొడుగు లేకుండా వేఫర్ ముట్టుకోవద్దు.

పై పారిలీన్‌లో ఎలక్ట్రోడ్ నోళ్లు తెరిచాక, విద్యుత్ ప్రవహించే ప్లాస్టిక్ పెడాట్-పీఎస్‌ఎస్ పూత. అందులో 5 శాతం ఇథిలీన్ గ్లైకాల్, 1 శాతం జీఓపీఎస్ (పూతను పట్టి ఉంచే రసాయనం). 140 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చి, రాత్రంతా శుద్ధజలంలో నానబెట్టాలి. జీఓపీఎస్ మానేస్తే ఉప్పునీటిలో పూత ఊడుతుంది, ఎక్కువైతే విద్యుత్ వాహకత పడిపోతుంది.

ఇంత పల్చటిది పెట్టడమెలా? పూతరేకుకు తడిగుడ్డ తాకించి మెత్తబరుస్తాం కదా, అలాగే తడికి కరిగే ఆసరా కావాలి. 2010లో ఒక పరిశోధక బృందం 2.5 మైక్రాన్ల ఎలక్ట్రోడ్ జాలీని పట్టు ప్రోటీన్ పొర మీద మోసుకెళ్లి మెదడుపై ఉంచింది. పట్టు కరిగాక జాలీ మెదడు మడతల్లోకి అతుక్కుంది.

ఎన్నాళ్లు మన్నుతుందో పరీక్షకు 67 డిగ్రీల ఉప్పునీరు, అంటే ఒంటి వేడి 37 కంటే 30 ఎక్కువ. ప్రతి 10 డిగ్రీలకు పాడయ్యే వేగం రెట్టింపని లెక్కేస్తే, అక్కడ వారం ఒంట్లో దాదాపు 8 వారాలు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంపీడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి అడ్డు) రోజూ రాసుకోండి. హఠాత్తుగా పెరిగితే తీగ తెగింది, మెల్లగా తగ్గుతూ పక్క ఛానెల్‌తో ఒకే సిగ్నల్ చూపిస్తే నీరు చేరింది. తెగిన వాటిలో ముందు కనెక్టర్ దగ్గరే వెతకండి, మెత్తటి పొర గట్టి ముక్కను కలిసే చోటే ఎక్కువగా విరుగుతుంది.