ఫోన్-ఇన్: ఎంట్రోపీ, ఉష్ణోగ్రత... ఇంటర్ విద్యార్థుల సందేహాలు

యాంకర్: లైన్లో ఖమ్మం నుంచి ఒకరున్నారు. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ, సార్‌కి కూడా నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. నేను చదివింది బీకాం. అయినా పుస్తకం తీసి చూశా. వేడి చేస్తే టెంపరేచర్ పెరుగుతుంది, దాంతో ఎంట్రోపీ, అదే అణువులు ఎన్ని తీర్లుగా ఉండగలవో చెప్పే కొలత, పెరుగుతుంది, అంతవరకు సరే. మరి ఐస్ కరిగేటప్పుడు టెంపరేచర్ సున్నా దగ్గరే ఉంటుంది కదండీ, కదలదు. ఎంట్రోపీ మాత్రం పెరిగిందంటారు. అదెట్లా?

లెక్చరర్: ఎంట్రోపీ పెరగడానికి ఉష్ణోగ్రత పెరిగి తీరాలని లేదండీ. ఉష్ణం లోపలికి వెళ్లింది కదా. వెళ్లిన ఉష్ణాన్ని అప్పుడున్న ఉష్ణోగ్రతతో భాగించాలి. 1865లో క్లాసియస్ అనే శాస్త్రవేత్త ఎంట్రోపీ అని పేరు పెట్టింది దీనికే. గ్రాము ఐస్ కరగడానికి సుమారు 334 జౌళ్లు కావాలి...

కాలర్: సున్నాతో భాగిస్తే ఇన్ఫినిటీ వస్తుందంటోంది సార్ మా అమ్మాయి.

లెక్చరర్: అయ్యో, సెల్సియస్ వద్దమ్మా! కెల్విన్, కెల్విన్! సున్నా సెల్సియస్ అంటే 273 కెల్విన్లు. 334ను 273తో భాగించు. కెల్విన్‌కు 1.22 జౌళ్లు.

కాలర్: సరే సార్. కానీ టెంపరేచర్ మారలేదు కదా, ఇంతకీ ఎంట్రోపీ పెరిగినట్టా, లేనట్టా?

లెక్చరర్: (నవ్వు) మళ్లీ అక్కడికే వచ్చారు! పెరిగినట్టే. ఆ ఉష్ణమంతా అణువుల కట్టు సడలించడానికే సరిపోయింది. కట్టు సడలాక అణువులు ఉండగల తీర్లు పెరిగాయి. ఆ తీర్లు ఎన్ని ఎక్కువైతే ఎంట్రోపీ అంత ఎక్కువ. ఓసారి అమ్మాయికి ఫోనివ్వండి.

అమ్మాయి: సార్, మరి ఉష్ణోగ్రత చేసే పనేంటి?

లెక్చరర్: అదీ అడగాల్సింది! 400 కెల్విన్ల పెద్ద వస్తువు నుంచి 300 కెల్విన్ల పెద్ద వస్తువుకి 1000 జౌళ్లు వెళ్లాయనుకో. వేడిది కోల్పోయిన ఎంట్రోపీ కెల్విన్‌కు 2.5 జౌళ్లు. చల్లదానికి 3.33 వచ్చింది. ఉష్ణం ఒకటే, కానీ చల్లనిచోట ఎంట్రోపీ మార్పు ఎక్కువ. మొత్తం మీద 0.83 పెరిగింది. అదే ఉష్ణం తనంతట తాను వెనక్కి వెళ్తే మొత్తం తగ్గాలి, అది జరగదు. ఇక్కడ కూడా సెల్సియస్ పెట్టావో, లెక్కంతా తప్పే.

యాంకర్: థాంక్యూ అమ్మా. నెల్లూరు నుంచి...

కాలర్: సార్, ఫ్రిజ్‌లో నీళ్లు గడ్డకడితే ఎంట్రోపీ తగ్గుతుంది కదా. మొత్తం ఎంట్రోపీ తగ్గదనే రెండో నియమం తప్పినట్టేనా?

లెక్చరర్: ఫ్రిజ్ నుంచి గదిలోకి వేడి వస్తుందా, లేదా? గదిలో పెరిగేది ఎక్కువ. నియమం మొత్తానికి వర్తిస్తుంది, ఫ్రిజ్ ఒక్కదానికే కాదు.

కాలర్: మరి ఏసీ...

యాంకర్: లైన్ కట్ అయింది. విజయవాడ, త్వరగా అడగండి.

కాలర్: వాయువు శూన్యంలోకి వ్యాకోచించే లెక్కలో ఉష్ణం సున్నా కాబట్టి ఎంట్రోపీ మార్పు కూడా సున్నా అని రాశాను సార్. మార్కులు పోయాయి.

లెక్చరర్: పోవాల్సిందే! ఉష్ణాన్ని ఉష్ణోగ్రతతో భాగించే ఆ లెక్క ఉత్క్రమణీయ మార్గానికే, అంటే వెనక్కి తిప్పగలిగే మార్గానికే. ఆదర్శ వాయువు ఉష్ణోగ్రత మారకపోయినా, మోల్ వాయువు ఘనపరిమాణం రెట్టింపైతే ఎంట్రోపీ కెల్విన్‌కు 5.76 జౌళ్లు పెరుగుతుంది. ఉత్క్రమణీయ స్థిరోష్ణక వ్యాకోచంలో, అంటే ఉష్ణం లోపలికీ బయటికీ పోని వ్యాకోచంలో, దీనికి తలకిందులుగా ఉష్ణోగ్రత పడిపోతుంది, ఎంట్రోపీ మారదు. ఈ రెండూ పక్కపక్కన రాసుకో.

యాంకర్: టైమ్ అయిపోయింది సార్, థాంక్యూ.